మెడ జాగర్త

పర్వతాలన్న దుకాన్ల పనికి కుదిరిన్నాడు
మొదాలు నేర్పిన ముచ్చట గిదే:
అద్దం మొకం నీ రొమ్ముకు ఆనాలె,
డొప్ప బయటికుండాలె.
బరువంత అద్దంలనే ఉంటదిరా,
ఎనక పెద్దగ కనవడేదంత ఉత్త గాలి.

నాకు పద్నాలుగేండ్లు.
ఇరవయ్యొక్కించుల సెట్టు
సల్లగ ఆనింది రొమ్ముకు.
మోకాళ్ళు ఒణికినయి.
'మెడ జాగర్త' అన్నడు.
నా మెడ అనుకున్న.
గాదు, ట్యూబు మెడ.
డొప్ప లోపల సన్నగ, సీస మూతి లెక్క ఉంటది,
గది పుటుక్కుమంటే
ఇంత బరువు ఎందుకూ కాకుంట పోతది.

అన్న మెడ తిరగదు.
మర్రిగూడ బోరు నీళ్ళు తాగి పెరిగిన మెడ.
పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతడు,
తలుపు తిరిగినట్టు.
నడుము ఒంగింది, చూపు ఎప్పుడూ నేల మీదనే.
'టీవీలు కింద వెట్టి ఇప్పేటోనికి
మీద ఏమున్నదో ఎందుకురా' అని నవ్వేటోడు.

మోసుడు నాది.
సెట్టు ఎత్తుకుంటే కాళ్ళ కింద ఏముందో నాకు కనవడదు,
నేల తప్ప ఆయనకేం కనవడదు.
అందుకే ముందు ఆయన నడిచేది:
గడప.
రాయి.
కోడిపిల్లలు, ఆగు.
మెట్టు, ఇంకో మెట్టు, అయిపోయినయి.
పదకొండేండ్లల్ల ఒక్క సెట్టు పడలె.

శివన్నగూడెం దాక సైకిలు క్యారేజి మీద,
కింద బొంత, మీద సుతిలి.
ఒకరింట్ల బియ్యం డబ్బా మీద దించేది,
ఒకరింట్ల కుట్టు మిషన్ మీద.
లెంకలపల్లి చెన్నమ్మ
ఎచ్చగుంటదని డొప్ప మీద గుడ్లు పెట్టేది,
ఒక పిల్ల దిగిందని ఇప్పటికీ ఒట్టు పెడతది.

ఇంకొకటి చెప్పిండన్న:
బంద్ జేసినా నమ్మొద్దు.
తీగ పీకినంక గూడ
కరెంటు లోపల్నే కూసోని ఉంటది.
పేచ్‌కస్ మొన ఆనిచ్చి
చిట్ మనిపిస్తేనే పోతది.

తర్వాత మా ఊరికి కృష్ణ నీళ్ళొచ్చినయి.
నల్లా కింద చెంబు వెట్టి
అన్న కడుపునిండ తాగిండు.
మెడ తిరగలె.

దుకాణం ఎప్పుడు మూసిండో
మూసిన దినం యాదికి లేదు.
తెచ్చేటోళ్ళు లేక మూతవడ్డది,
నేను దేవరకొండల ఆటో పట్టిన.

పోయిన ఎండాకాలం
మేనల్లుడు లింగస్వామి పల్సటి టీవీ తెచ్చి
దూలం కింద గోడకు బిగిచ్చిండు.
పాతది, ఇరవై తొమ్మిదించులది,
పాత సామాన్ల బండిల ఏసిండు.
నూట ఎనభై రూపాలు.

రాత్రి అన్న ఫోను జేసిండు:
అరేయ్ బుచ్చిగా,
గోడ మీద ఎవలో మాట్లాడుతున్నరు.
నాకు బండల మీద వాళ్ళ ఎలుగు కనవడుతుంది,
నీలం, ఎర్ర, మల్ల నీలం.
ఎవలు గెలిచిన్రో తెలుస్తలేదు.

మాల్‌ల సంతకాడ ఇనుప దుకాణం.
పగిలిన కూలర్ల నడుమ బోర్ల పడి ఉంది.
దాని మెడ తడిమి చూసిన ముందుగాల, బాగనే ఉంది.
మూడు వందలు అన్నడు. బేరం ఆడలె.

అద్దం మొకం రొమ్ముకు ఆనిచ్చి లేపిన.
అద్దం అప్పటి లెక్కనే సల్లగుంది.
నడుముల ఏదో కలుక్కుమంది, నాకు నలభై రెండు.

వాకిట్ల ఆటో ఆగంగనే
అన్న బయటికొచ్చిండు, మనిషి మొత్తం తిరిగి
నాకు ముందు నడిచిండు.
గడప.
చెప్పులు, ఎడమ పక్కకు రా.
తీగ ఉంది, దాటు.
ఇగో, ఈడ, నేల మీదనే పెట్టు, మెల్లగ,
మెడ జాగర్త.

ఎవల మెడని అడగలె.
దించిన.